ముడి విప్పాక కూడా

రాత్రి పడుకోబోయే ముందు ముడి విప్పితే నొప్పి తగ్గాలి. నాకు పెరిగింది. పొద్దుటి నుంచి ఒకే వైపు వంగి ఉన్న వెంట్రుకలను వేళ్లతో ఇటు నుంచి అటు కదిలించగానే నడినెత్తి పచ్చిపుండులా సలిపింది. ఎడమ కణత దిండుకు ఆనించలేకపోయాను. కుడివైపు తిరిగితే కాసేపటికి అక్కడా అదే. చివరికి బోర్లా పడుకుని, ముంజేతి మీద నుదురు పెట్టుకుని, తెల్లవారేదాకా కునికిపాట్లు పడ్డాను. ఉంగరాల జుట్టును తిన్నగా చేసే రిలాక్సర్ అనే మందు వాడడం మానేసి అప్పటికి ఏడు నెలలు.

నెత్తి మీద వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. అంటే కుదుళ్ల దగ్గర ఏడు సెంటీమీటర్ల దాకా నా సొంత ఉంగరాల జుట్టు, వాటి కింద వీపు మధ్య వరకు మందుతో సాగదీసిన తిన్నని పాయలు. ఒకే తల మీద రెండు జుట్లు.

"కాస్త ఓర్చుకో, జుట్టు మారేటప్పుడు అలాగే ఉంటుంది" అని అక్క అంది. జుట్టు కత్తిరించే ఆవిడ అంది. నాకంటే ముందే రిలాక్సర్ మానేసిన స్నేహితురాలూ అదే అంది. ముగ్గురికీ నేనంటే ప్రేమే, కానీ ఆ మాట తప్పు. జుట్టు పెరగడం వల్ల నెత్తి నొప్పి పుట్టదు. పుడితే, జుట్టు తీరు మారుతోంది అనడం దానికి జవాబు కాదు. అక్కడ చర్మానికి ఏదో జరుగుతోంది. అది ఏమిటో చాలాసార్లు కనిపెట్టవచ్చు, కొన్నిసార్లు ఆ రాత్రికే ఆపవచ్చు. ఇది తెలుసుకోవడానికి నాకు అనవసరంగా చాలాకాలం పట్టింది.

ముందు నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మిన మాట సంగతి చెబుతాను. ఏళ్ల తరబడి పట్టించిన రసాయనం ఇప్పుడు చర్మంలోంచి బయటికి వస్తోందని, ఆ మంట శుభ్రపడుతున్న గుర్తు అని. వినడానికి ఎంతో ఊరటగా ఉంటుంది ఈ మాట, నొప్పికి ఒక మంచి ఉద్దేశం అంటగడుతుంది కాబట్టి. కానీ రిలాక్సర్ పని చేసేది వెంట్రుక మీద. వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను దాని ఆకారంలో పట్టి ఉంచేవి డైసల్ఫైడ్ బంధాలు, అంటే జంటగా కలిసిన గంధక పరమాణువులు. సోడియం హైడ్రాక్సైడ్ వంటి గాఢమైన క్షారం వాటిలో కొన్నింటిని తెంచి, ఒక గంధక పరమాణువు తగ్గిన లాంథియోనైన్ అనే బంధంగా మార్చేస్తుంది. అలా మారిన వెంట్రుక ఇక వెనక్కి రాదు, కత్తిరించేదాకా తిన్నగానే ఉంటుంది. మందు మాత్రం ఆ పూటే నీళ్లతో పోతుంది. చర్మం కాలితే ఆ గాయం రోజుల్లోనో వారాల్లోనో మానుతుంది. ఏడు నెలల తరువాత ఊరి బయటికి రావడానికి లోపల నిల్వ ఏమీ ఉండదు. చివరిసారి మందు పెట్టించుకుని పది రోజులే అయి, ఇంకా మంటగానో రసి కారుతూనో ఉంటే అది వేరే సంగతి. అది కాలిన గాయం. వైద్యులకు చూపించాలి.

మరి నేను అంత తేలిగ్గా ఎందుకు నమ్మాను? పదకొండేళ్లు శిక్షణ పొందాను కాబట్టి.

మొదటిసారి రిలాక్సర్ పెట్టించుకున్నప్పుడు నాకు 19 ఏళ్లు. చర్మం చుట్టూ వాసెలిన్ రాసి, పాయలు విడదీసి, తెల్లటి ముద్ద పూసుకుంటూ వెళ్లారు. మెడ వెనక మొదలైన చురుకు పది నిమిషాలకు నెత్తంతా పాకింది. మండుతోందని చెప్పాను. "మండుతోందంటే పట్టిందన్నమాట. ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకోండి మేడమ్, ఇప్పుడు కడిగితే సగం సగం వస్తుంది" అన్నారు. ఓర్చుకున్నాను. మర్నాడు చెవి వెనక పొక్కు కట్టింది. జుట్టు మాత్రం అద్దంలా మెరిసింది, అందరూ మెచ్చుకున్నారు, పొక్కు సంగతి నేనే మరిచిపోయాను.

ఆ ముద్ద ఎలాంటిదో కాస్త ఆగి చూడాలి. మన చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) దాదాపు 5.5, అంటే కొద్దిగా ఆమ్లం వైపు. హైడ్రాక్సైడ్ రిలాక్సర్ల పీహెచ్ 12 దాటుతుంది, కొన్నింటిది 13 కూడా దాటుతుంది. పీహెచ్‌లో ఒక్కో మెట్టు పది రెట్లు. 5.5 నుంచి 12.5కు ఏడు మెట్లు, అంటే ఒక కోటి రెట్లు. 'లై లేనివి' (లై అంటే సోడియం హైడ్రాక్సైడ్) అని అమ్మే రకాల్లో కాల్షియం హైడ్రాక్సైడ్, గ్వానిడిన్ కార్బొనేట్ అప్పటికప్పుడు కలిపి గ్వానిడిన్ హైడ్రాక్సైడ్ తయారు చేస్తారు. చర్మాన్ని కొంత తక్కువగా బాధిస్తుంది గానీ అదీ గాఢ క్షారమే. ఇంత తేడాను తట్టుకోలేక చర్మం మంట రూపంలో చేసిన ఫిర్యాదును మేము "పట్టింది" అని చదువుకున్నాం. ఏడాదికి ఆరుసార్లు, 11 ఏళ్లు. అన్నిసార్లు ఒకే పాఠం: నెత్తి ఏమన్నా అననీ, కూర్చో.

రిలాక్సర్ మానేసిన రోజు ఆ పాఠాన్ని మానలేదు నేను. నా వాదనంతా ఇక్కడే ఉంది. మందు వదిలేస్తాం, ఓర్పును మాత్రం వెంట తెచ్చుకుంటాం. అంతకుముందు రెండు నెలలకు ఒక గంట ఓర్చుకునేవాళ్లం, ఇప్పుడు రోజూ ఓర్చుకుంటాం. రిలాక్సర్ ఆపాక నెత్తి మరింత నొప్పిగా ఉందని చెప్పే ఆడవాళ్లలో చాలామందిని అడిగి చూశాను. ఉదయం జుట్టు ఎలా కట్టుకుంటారో చెప్పమంటే దాదాపు అందరి జవాబూ ఒకటే. లాగి కడతారు.

ఎందుకు లాగాల్సి వస్తుందో అర్థం చేసుకోదగినదే. పైన ఉంగరాలు, కింద తిన్నటి పాయలు, మధ్యలో ఆ రెండూ కలిసే గీత. వదిలేస్తే పైభాగం ఉబ్బి, కింది భాగం వేలాడుతుంది. ఆఫీసుకో పెళ్లికో వెళ్లేటప్పుడు ఆ తేడాను దాచడానికి అందరికీ తోచే మార్గం నీళ్లు, జెల్, గట్టి బ్రష్షు, రబ్బరు బ్యాండు. ఉంగరం సాగి చదునుగా అణిగేదాకా లాగాలి. ఉంగరాల జుట్టుకు సాగాలంటే బలం కావాలి, ఆ బలమంతా కుదురు భరిస్తుంది. నేను రోజుకు పన్నెండు గంటలు అలా కట్టుకునేదాన్ని. కనుబొమలు కొంచెం పైకి లేచినట్టు కనిపిస్తే ముడి సరిగ్గా కుదిరిందని లెక్క.

ఆ గీత వెంట్రుకలో అన్నిటికన్నా బలహీనమైన చోటు కూడా. ఒకే వెంట్రుకలో రెండు రకాల గుణాలు కలిసే చోట అది ఎక్కువగా తెగుతుంది. చిక్కు కూడా అక్కడే పడుతుంది, పైనున్న ఉంగరాల్లోకి కింది తిన్నటి కొసలు దూరి ముడిపడతాయి. దువ్వెన పైనుంచి దించితే ఆ గీత దగ్గర ఆగుతుంది, లాగితే వెంట్రుక తెగుతుంది, లేదా కుదురు లాగుడు తింటుంది. నేను చిన్నప్పటి నుంచి పైనుంచి కిందికే దువ్వాను, తిన్నటి జుట్టుకు అది చెల్లిపోయింది. ఇప్పుడు కొసల నుంచి మొదలుపెట్టి, నాలుగు వేళ్ల మేర చిక్కు వదిలాక పైకి వెళ్లాలి, రెండో చేత్తో దువ్వెనకూ కుదురుకూ మధ్య పాయను పట్టుకోవాలి. పాయ పట్టుకుంటే లాగుడు చేతి దగ్గరే ఆగిపోతుంది. ఈ చిన్న పని ఒక్కటి తలస్నానం రోజు నాకు వచ్చే కన్నీళ్లను పూర్తిగా ఆపేసింది.

వెంట్రుకకు ప్రాణం లేదని అందరికీ తెలుసు. కత్తిరిస్తే నొప్పి ఉండదు. కానీ అది నాటుకున్న గుంతలాంటి కుదురు చుట్టూ నరాల కొసలు కంచెలా అల్లుకుని ఉంటాయి. గాలికి ఒక వెంట్రుక కదిలినా మనకు తెలిసేది వాటి వల్లే. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి, అంటే లక్ష చోట్ల అలాంటి కంచెలు. నుదుటి వైపు నుంచి ట్రైజెమినల్ నరం కొమ్మలు, మెడ వైపు నుంచి ఆక్సిపిటల్ నరాలు వచ్చి ఈ చర్మం అంతటా పరుచుకుంటాయి. పొద్దుటి నుంచి ఒకే దిక్కుకు లాగి ఉంచితే ఆ కొసలు రేగిపోతాయి, అప్పుడు విప్పి వెనక్కి తోస్తే మామూలు కదలిక కూడా నొప్పిలా అనిపిస్తుంది. ముడి విప్పాక నా నొప్పి పెరగడానికి కారణం అదే. పార్శ్వపు నొప్పి ఉన్నవారిలో చాలామందికి ఇది మరింత తీవ్రం, ఆ నొప్పి వచ్చిన పూట దువ్వెన తగలడాన్నే భరించలేరు. నెత్తి చర్మపు నొప్పికి వైద్యంలో ట్రైకోడైనియా అన్న పేరు కూడా ఉంది. జుట్టు ఎక్కువగా రాలే దశలో ఉన్నవారు చాలామంది ఈ బాధ చెబుతారు. పేరు ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఉపశమనం మాటల్లో చెప్పలేను, ఎందుకంటే అప్పటిదాకా "జుట్టు నొప్పిగా ఉంది" అంటే నవ్వేవాళ్లే ఎక్కువ.

నొప్పి ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. రోజూ లాగడం వల్ల కుదుళ్లే దెబ్బతిని జుట్టు పోవడాన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. కణతల దగ్గర, నుదుటి అంచున మొదలవుతుంది. కుదుళ్ల చుట్టూ ఎరుపు, చిన్న చిన్న పొక్కులు, లాగిన చోట చర్మం గుడారంలా పైకి లేవడం తొలి గుర్తులు. ఈ దశలో లాగడం ఆపితే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి సాగితే కుదురు మచ్చగా మారిపోతుంది, ఇక రాదు. దక్షిణాఫ్రికాలో ఆడపిల్లల మీద, మహిళల మీద జరిగిన పరిశోధన ఒకటి 2008లో వెలువడింది. రిలాక్సర్ పెట్టిన జుట్టును లాగి కట్టినవారిలోను, జడలు అల్లేటప్పుడు నొప్పీ పొక్కులూ వచ్చాయని చెప్పినవారిలోను ఈ జబ్బు ఎక్కువని అందులో తేలింది. నొప్పి, జుట్టు పోవడం అనేవి రెండు వేర్వేరు సంగతులు కావు. మొదటిది రెండోదానికి ముందు వచ్చే హెచ్చరిక. "కాస్త ఓర్చుకో" అన్న మాట ఆ హెచ్చరికను వినవద్దని చెబుతోంది. అందుకే ఆ మాట మీద నాకు ఇంత కోపం.

లాగడం ఒక్కటే కాదు, ఇంకో తప్పు కూడా చేశాను. జుట్టు తెగుతుందేమోనన్న భయంతో తలస్నానం వాయిదా వేశాను. వారానికి రెండుసార్లు చేసేదాన్ని, మూడు వారాలకు ఒకసారికి తెచ్చాను. చిక్కు తీసే యుద్ధం తలుచుకుంటేనే నీరసం వచ్చేది. మధ్యలో దురద పుడితే నూనె రాశాను. దురద తగ్గకపోతే ఇంకా రాశాను. నెత్తి చర్మం మీద మలసీజియా అనే ఒక రకం ఈస్టు మనందరికీ ఉంటుంది. అది కొవ్వు తిని బతుకుతుంది. చర్మం నూనెను, దాని మీద నేను పోసిన నూనెను తిని, అది విడిచే పదార్థాలు కొందరి చర్మాన్ని మండిస్తాయి. సెబోరిక్ డెర్మటైటిస్ అనే ఆ స్థితిలో పసుపు రంగు జిడ్డు పొట్టు, ఎరుపు, దురద, ముట్టుకుంటే నొప్పి వస్తాయి. జుట్టు పొడవుకు, కొసలకు నూనె మంచిదే కావచ్చు. మండుతున్న చర్మానికి అది మందు కాదు. జుట్టు పొడిగా ఉందని చర్మానికి కూడా అదే చేయడం చాలామంది చేసే పొరపాటు, నేనైతే నెలల తరబడి చేశాను.

ఆ నూనెల్లో పుదీనా, టీ ట్రీ వంటి గాఢమైన తైలాలు చుక్కలు చుక్కలు కలిపాను కూడా. చల్లగా చురుక్కుమంటే పని చేస్తోందనుకున్నాను. మళ్లీ అదే పాఠం, వేరే సీసాలో. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన చర్మానికి పడుతుందని లేదు, అలాంటి తైలాలకు అలర్జీ వచ్చేవారు ఉన్నారు. జుట్టు పెంచుకునే రోజుల్లో వారానికో కొత్త క్రీమూ జెల్లూ ప్రయత్నించే ఉత్సాహం ఉంటుంది. నొప్పి ఉన్నప్పుడు మాత్రం అన్నీ ఆపి, సువాసన లేని ఒక షాంపూ, ఒక కండిషనర్‌తో రెండు మూడు వారాలు ఉండి చూడాలి. లేకపోతే ఏది పడలేదో ఎప్పటికీ తెలియదు.

నేను చివరికి చేసిన పని పెద్దదేమీ కాదు. ముందు ముడి మానేశాను. మెత్తటి వస్త్రపు బ్యాండుతో మెడ దగ్గర వదులుగా కట్టడం, పాపిట తరచూ మార్చడం. ముడి సరిపోయిందో లేదో చూడడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను: కట్టుకున్నాక కనుబొమలు పైకెత్తి దించాలి, నెత్తి ఎక్కడ బిగిసినా విప్పి మళ్లీ కట్టాలి. వారానికి ఒకసారి తలస్నానం, జుట్టును నాలుగు పాయలు చేసి ఒక్కో పాయను విడిగా, షాంపూ వేళ్ల కొసలతో చర్మానికి మాత్రమే. చిక్కు తీసేది కండిషనర్ ఉన్నప్పుడే. ఎడమ కణత నొప్పి అన్నిటికన్నా ముందే తగ్గింది, పది రోజులు కూడా పట్టలేదు. చాలా సంతోషించాను. మెడ వెనక భాగం మూడు వారాలకు మామూలైంది. నడినెత్తి మాత్రం తగ్గలేదు.

అప్పుడు చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్లాను. ఇంకో నెల ముందే వెళ్లాల్సింది. ఆవిడ నొప్పి గురించి నేను చెబుతున్నంతసేపూ రాసుకున్నారు, తరువాత డెర్మోస్కోపు అనే చిన్న భూతద్దం నెత్తికి ఆనించి పాపిట వెంట అంగుళం అంగుళం చూశారు. ఏమి వెతుకుతున్నారని అడిగాను. "కుదుళ్ల నోళ్లు కనిపిస్తున్నాయా లేదా అని చూస్తున్నానమ్మా. చర్మం నున్నగా అయిపోయి అవి కనిపించకపోతే మచ్చ కట్టిందని అర్థం. మీకు నడినెత్తి మీద కనిపిస్తున్నాయి" అన్నారు. నడినెత్తి మీద మొదలై గుండ్రంగా వ్యాపించే సెంట్రల్ సెంట్రిఫ్యూగల్ సికాట్రీషియల్ అలోపీషియా అన్న జబ్బు ఉంది. ఉంగరాల జుట్టున్న నల్లజాతి మహిళల్లో ఎక్కువ. నొప్పి, మంట, దురదతో మొదలవ్వచ్చు, కొందరికి ఏ బాధా లేకుండానే మొదలవుతుంది. 1968లో దాన్ని వర్ణించిన వైద్యులు జుట్టు సాగదీసే వేడి దువ్వెనే కారణమనుకుని దానికి ఆ దువ్వెన పేరే పెట్టారు. ఆ దువ్వెన ఎరగనివారికి కూడా వస్తోందని తరువాత తెలిసింది, జన్యువుల పాత్ర కూడా బయటపడింది. త్వరగా పట్టుకుంటే వ్యాపించకుండా ఆపవచ్చు, పోయిన కుదుళ్లను తేలేరు. నాది అది కాదు, సెబోరిక్ డెర్మటైటిస్. ఈస్టును అణిచే కీటోకొనజోల్ షాంపూ, కొద్ది రోజులు రాసుకోవడానికి ఒక స్టెరాయిడ్ ద్రవం ఇచ్చారు. ఆరో రాత్రి మామూలుగా నిద్రపోయాను.

ఇంట్లో చూసుకుంటూ కూర్చోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ముడి వదులు చేసి రెండు వారాలైనా నొప్పి తగ్గకపోతే, నొప్పి ఉన్న చోటే జుట్టు పలచబడుతుంటే, చీము పొక్కులు కడితే వైద్యుల్ని కలవాలి. ఒకే వైపు మంటగా ఉండి నీటి పొక్కులు వస్తే అది హెర్పిస్ జోస్టర్ (సర్పి) కావచ్చు, త్వరగా మందు మొదలుపెట్టాలి. వయసు 50 దాటినవారికి కొత్తగా తలనొప్పితో పాటు కణతల దగ్గర ముట్టుకోలేని నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపులో తేడా వస్తే జుట్టు గురించి ఆలోచించకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అది కణత దగ్గరి రక్తనాళపు వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపు పోవచ్చు.

ఇక కత్తిరించడం గురించి. రిలాక్సర్ మానేసినవారిలో రెండు పక్షాలు ఉన్నాయి. పాత జుట్టంతా ఒకేసారి తీసేయాలనేవారు, ఒక్క అంగుళం కూడా వదలకుండా ఏళ్ల తరబడి పెంచాలనేవారు. మొదటివాళ్లు పొడవు మీద మమకారాన్ని బలహీనతలా చూస్తారు. నేను ఒప్పుకోను. వీపు మధ్య దాకా పెరిగిన జుట్టు ఐదేళ్ల కాలం. దాన్ని పోగొట్టుకోవడం కష్టంగా ఉంటే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ రెండోవాళ్లు ఒక్క నిజం చెప్పరు: రెండు జుట్ల మధ్య గీత ఉన్నంతకాలం చిక్కు ఉంటుంది, దాన్ని దాచాలన్న కోరిక ఉంటుంది, లాగడమూ ఉంటుంది. నెత్తి నొప్పికి కత్తెర కూడా ఒక చికిత్సే. దాన్ని అందరూ సాహసంలాగో ఓటమిలాగో మాట్లాడతారు గానీ, చికిత్సలా ఎవరూ చెప్పరు. నేను నాలుగు దఫాలుగా కత్తిరించాను. తొమ్మిదో నెలలో భుజాల వరకు, పదకొండో నెలలో మెడ వరకు, తరువాత గడ్డం దాకా, పదహారో నెలలో మిగిలిన తిన్నటి కొసలు. ప్రతిసారీ దువ్వుకునే సమయం తగ్గింది, ప్రతిసారీ బ్యాండు ఇంకొంచెం వదులైంది. రెండోసారి కత్తిరించినప్పుడు ఏడ్చాను. నాలుగోసారి ఏడవలేదు.

ఇప్పుడు జుట్టు మళ్లీ భుజాలు దాటింది. తడిపి ఆరనిస్తే గడ్డం దగ్గరికి ముడుచుకుపోతుంది. నెత్తి మీద ఎక్కడ నొక్కినా బాధ లేదు. ఎడమ కణత దగ్గర మాత్రం బొటనవేలంత చోటు పలచగానే ఉండిపోయింది. రెండోసారి వెళ్లినప్పుడు వైద్యురాలు ఆ చోటును చాలాసేపు చూశారు. అక్కడ కుదుళ్ల నోళ్లు సగానికి పైగా కనిపించడం లేదు, మచ్చ కట్టిందని చెప్పారు. ఎంతకాలం నుంచి నొప్పి ఉండేదని అడిగారు. ఏడాదో రెండేళ్లో అన్నాను, రిలాక్సర్ రోజుల నుంచే అక్కడ బిగించి దువ్వేదాన్ని. అన్నిటికన్నా ముందు నొప్పి తగ్గిన చోటు అదే.

మానిందనుకున్నాను.